కుట్ల కడుపుతో బావి దగ్గరికి

కడుపు కోసి బిడ్డను తీయడం మా అత్త అంతకుముందు ఒక్కసారే చూసింది. అది బర్రె కడుపు. ఈనలేక కొట్టంలోనే ప్రాణం విడిచిన బర్రె. లోపల దూడ ఇంకా కదులుతోందని మా మామ కత్తి పట్టాడట. కనుక దవాఖానాలో డాక్టరమ్మ బయటికి వచ్చి, కోసి తీయాలి అన్నప్పుడు మా అత్తకు ఒక్కటే అర్థమైంది. కోడలు ఇక దక్కదు, బిడ్డనైనా దక్కించుకుందామని అడుగుతున్నారు. ఆమె అలా అనుకుందని నాకు చాలా రోజుల దాకా తెలియదు. తెలిసి ఉంటే ఆ తర్వాత మా ఇంట్లో జరిగిన లొల్లిలో సగం జరిగేది కాదు.

మాది దబీర్‌పురాలో పాల ఇల్లు. ముందు రెండు గదులు, వెనక కొట్టం, మధ్య వాకిట్లో బావి. గోడ అవతల రైలు పట్టాలు. మామ పోయాక బర్రెలనూ ఇంటినీ అత్తే నడిపేది. నా భర్త ఒక చిన్న బడిలో పంతులు. నేను సంస్కరణ చర్చల్లో పెరిగిన పిల్లను. మా నాన్న నన్ను వెంటబెట్టుకుని పఠనమందిరాల్లో జరిగే వాదాలకు తీసుకువెళ్లేవాడు. ఎవరేం చెప్పినా రుజువేది అని అడగడం బళ్లో అక్షరాల కంటే ముందు అక్కడే నేర్చుకున్నాను. పెళ్లికి ముందే పురిటిగది చీకటి మీద, ఆ పొగ మీద, ఆ మురికి గుడ్డల మీద ఘాటైన వ్యాసం రాశాను. అందులోని ప్రతి మాటా ఇప్పటికీ నిజమే. అయితే ఆ గదిలో పడుకున్న మనిషి భయం ఎలా ఉంటుందో ఆ వ్యాసంలో ఒక్క వాక్యం కూడా లేదు. అది రాయాలంటే నేను పడుకోవలసి వచ్చింది.

అవి యుద్ధం రోజులు. నొప్పులు మొదలై ఒక పగలూ ఒక రాత్రీ గడిచాయి. ఉమ్మనీరు పోయింది. మా వీధిలో పురుళ్లు పోసే దాయమ్మ చెయ్యి పెట్టి చూసి, బిడ్డ అడ్డం పడిందని చెప్పి, చేతులు కడుక్కుని గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ తర్వాత ఆమె నా ముఖం వైపు చూడలేదు. నేను ఆమెను చూస్తూనే ఉన్నాను. ఇంకా ఏదైనా చేసేది ఉంటే ఆమె లేచేది.

లేచింది మా అత్త. అడ్డం తిరిగిన దూడలను కడుపులోనే సరిచేసి బయటికి లాగడంలో మా చుట్టుపక్కల ఆమెను మించినవాళ్లు లేరు. కార్వాన్ నుంచి కూడా పాలవాళ్లు వచ్చి పిలుచుకుపోయేవారు. ఆ పొద్దు ఆమె గాజులు తీసి గూట్లో పెట్టింది. ఆముదం గిన్నె దగ్గరికి లాక్కుని, కుడిచేతికి వేళ్ల నుంచి మోచేతి దాకా రాసుకోవడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, శ్రద్ధగా రాసుకుంటోంది. ముఖంలో ఏ దురుద్దేశమూ లేదు. నన్ను బతికించాలనే చూస్తోంది. ఆ నూనె చెయ్యి చూసినప్పుడు కలిగిన భయం లాంటిది నాకు ముందూ కలగలేదు, తర్వాతా కలగలేదు.

గుమ్మం బయట నిలుచున్న నా భర్తను కేకేసి, జట్కా తీసుకురమ్మన్నాను. ఆయన తల్లి వైపు చూశాడు. ఇంకోసారి అరిచాను. వెళ్లాడు.

జట్కాకు పరదా కట్టారు. బండి గతుకులో పడ్డప్పుడల్లా పళ్లు బిగించాను. అత్త నా పక్కనే కూర్చుని, నూనె చేతిని ఒళ్లో పెట్టుకుని, దవాఖానాకు పోయినవాళ్లు ఎవరెవరు తిరిగి రాలేదో తనలో తాను లెక్క చెప్పుకుంటోంది. నాకు వినపడకూడదనుకుంది. వినపడింది.

దవాఖానాలో డాక్టరమ్మ పరీక్ష చేసి, గుమ్మం బయటికి వెళ్లి నా భర్తను పిలిచి మాట్లాడింది. కోయాలి, ఒప్పుకుంటావా అని ఆయన్ను అడుగుతోంది. నేను బల్ల మీదినుంచే అన్నాను, “నన్నడగండి. కోసేది నా కడుపు.”

ఆమె వెనక్కి తిరిగింది. కోపం రాలేదు. “అడుగుతున్న. చెప్పు మరి, కొయ్యాల్నా?”

“కోయండి. కోస్తే లేస్తానా?”

“మస్తుమంది లేస్తరు.”

“అందరూ లేవరా?”

ఆమె సబ్బు చేతిలోకి తీసుకుని తొట్టి వైపు నడిచింది. నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది. రుజువు అడగడం నేర్పినవాళ్లు, నిజమైన జవాబు ఎదుట నిలిచినప్పుడు గుండెను ఎక్కడ పెట్టుకోవాలో నేర్పలేదు. ఆ క్షణంలో నేను ఏ దేవుణ్ణీ తలచుకోలేదు. దీన్ని ధైర్యమని చెప్పుకోను. తలచుకోవడానికి లోపల ఖాళీ లేదు. భయమే నిండి ఉంది.

వరండాలో అత్త నా భర్త చొక్కా అంచు పట్టుకుని అడుగుతున్న మాట తలుపు సందులోంచి నాకు చేరింది. “బతికున్నదాన్ని కోస్తరారా?” మత్తు ఇస్తారని, నిద్రపోయినట్టే ఉంటుందని ఆయన చెప్పాడు. ఆమె చొక్కా వదిలేసింది. ఆ మాట ఆమెకు ధైర్యం ఇచ్చిందనుకున్నాను. నిద్రపోయినట్టే ఉంటారని మన ఇళ్లలో ఎవరి గురించి చెబుతారో అప్పుడు నాకు తట్టలేదు.

లోపల ఏం జరిగిందని తర్వాత చాలామంది ఆడవాళ్లు అడిగారు. చల్లని బల్ల. మీద పెద్ద దీపం. చేతులు కదలకుండా బట్టతో కట్టారు. ముక్కు మీద గుడ్డ మూత పెట్టి చుక్కలు చుక్కలుగా మందు పోశారు. పులిసిన బెల్లం పానకం లాంటి తియ్యటి వాసన. ఊపిరి ఆడడం లేదనిపించి తల తిప్పబోయాను. ఎవరో గట్టిగా పట్టుకున్నారు. అక్కడితో సరి. మా వీధివాళ్లు ఆశపడ్డట్టు యమదూతలు గానీ, వెలుగు గానీ, చనిపోయిన మామ గానీ కనిపించలేదు. ఏమీ లేదు. నేను ఈ మాట చెబితే వాళ్లకు నచ్చేది కాదు. దాస్తున్నానని అనుకునేవారు.

మెలకువ వచ్చేసరికి అన్నిటికంటే ముందు తెలిసింది దాహం. నొప్పి కాదు, బిడ్డ కాదు. నాలుక అట్టలా అంగిలికి అంటుకుపోయింది. నీళ్లడిగితే నర్సు తడిపిన దూదితో పెదవులు తుడిచింది. మింగనివ్వలేదు. వాంతి వచ్చింది. వాంతి అంటే కడుపు ముడుచుకోవడం, కడుపు ముడుచుకుంటే కుట్లు. అప్పుడు తెలిసింది నన్ను రెండుగా చీల్చి మళ్లీ కలిపారని. ఆడపిల్ల పుట్టిందని, బతికే ఉందని చెప్పి చూపించారు. ముఖం కందగడ్డలా ఉంది. చూశాను, కళ్లు మూసుకున్నాను. అందరూ రాసే పులకరింత నాకు ఆ పొద్దు కలగలేదు. దాహమే ఉంది. పిల్ల మీద ప్రేమ తర్వాత వచ్చింది, పాలతోపాటే, ఆలస్యంగా.

మా ఇళ్లలో బాలింతకు నీళ్లివ్వరు. ఆ మూఢత్వం మీద నేను గొంతు చించుకుని మాట్లాడి ఉన్నాను. ఇక్కడ దవాఖానాలోనూ ఇవ్వడం లేదు. మొదటి పగలంతా నాకు ఇదే గోల. కారణం చెప్పమని నర్సును పట్టుకున్నాను. మత్తు వదలని కడుపులో నీళ్లు నిలవవని, వాంతులై కుట్లు తెగుతాయని, పేగులు కదిలి గాలి పోయాక చెంచాతో మొదలుపెడతామని ఆమె విసుగ్గా చెప్పింది. చెప్పినట్టే చేశారు. ఇంట్లో అయితే ఎందుకని అడిగితే జవాబు లేదు, ఎప్పటిదాకా అని అడిగితే జవాబు లేదు. నాకు తేడా అక్కడే కనిపించింది. దాహం మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఆ తర్వాతి రోజులు గాలి కోసం ఎదురుచూపు. నవ్వు వస్తుంది గానీ అది నవ్వే సంగతి కాదు. కడుపు తబలాలా ఉబ్బింది. పొడిచిన చోట పొడవకుండా నొప్పి. నర్సు పొద్దునా సాయంత్రం వచ్చి పోయిందా అని అడిగేది. గౌరవమైన కుటుంబపు కోడలు నోట అనరాని మాట అది. పోయిందని చెప్పగలిగిన రోజు నా భర్త పండుగ వచ్చినట్టు అత్తకు చెప్పడానికి పరుగెత్తాడు.

దగ్గు వస్తే భయం, తుమ్ము వస్తే భయం. దిండు కడుపుకు అదుముకుని దగ్గమన్నారు. లోపల ఏదో జారిపోతుందని, విడిపోతుందని, ప్రతిసారీ చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని. జ్వరం వచ్చింది. గాయం కింది కొస చెమ్మగిల్లింది. డాక్టరమ్మ వంగి వాసన చూసినప్పుడు ఆమె ముఖం కేసి అలాగే చూశాను. కొత్తరకం తెల్ల మాత్రలు మింగించారు. నా పక్క మంచంలో ఉన్న, బార్కస్ నుంచి వచ్చిన ఆమెకు కూడా జ్వరమే, ఆమెకూ అవే మాత్రలు. ఒక సాయంత్రం ఆమె మంచం ఖాళీగా ఉంది. ఇంటికి పోయిందా అని అడిగాను. నర్సు పరుపు తిప్పుతూ ఊఁ అంది. ఆ ఊఁ నిజమో కాదో ఈనాటికీ తెలియదు.

నా జ్వరం దిగింది. కుట్లు విప్పారు. ఒక్కొక్క దారం చీమ కుట్టినట్టు వచ్చింది, అంత భయపడనక్కరలేదు. భయపడవలసింది మొదటిసారి నిలబడడానికి. బొడ్డు కింద బరువంతా నేలమీద పడుతుందనిపించింది. ముసలిదానిలా వంగి నడిచాను. ఇంటికి పంపేముందు డాక్టరమ్మ నా భర్తను, అత్తను నిలబెట్టి చెప్పింది. కుండ ఎత్తవద్దు, చేద తోడవద్దు, మళ్లీ కడుపైతే ఇంట్లో కూర్చోకుండా ముందే రావాలి. పైన కుట్లు మానినట్టు కనిపిస్తాయి, లోపలివి మనకు కనిపించవు. అత్త తల ఊపింది. ఆమె చూపు డాక్టరమ్మ మీద లేదు, నా పాదాల మీద ఉంది.

ఇంట్లో అందరికీ వేరే సందేహం. పిల్ల పుట్టవలసిన దారిలో పుట్టలేదు కదా, పురుడు ఉన్నట్టా లేనట్టా అని వాకిట్లో వాదం. లేదని ఒక ముసలమ్మ. రెండింతలు అని ఇంకొక ముసలమ్మ. అత్త దేనికీ జవాబివ్వక, నన్ను మూల గదిలో పడుకోబెట్టి, అన్నం గుమ్మం దగ్గర పెట్టి వెళ్లేది. పిల్లను ఎత్తుకునేది, ముద్దాడేది. నన్ను మాత్రం గడప అవతలినుంచి చూసేది. మొదటి పాలు పిల్లకు పట్టకుండా గోడకు పిండావా అని ఒక్కసారి అడిగి పంపింది. దవాఖానాలోనే పట్టేశానని చెప్పాను. బర్రె మొదటి పాలను జున్ను చేసి వీధంతా పంచే ఇల్లు మాది. మనిషి పాలేం పాపం చేశాయని కూడా చెప్పి పంపాను. జవాబు రాలేదు. మామూలుగా అయితే వచ్చేది. ఆ మౌనం నాకు జ్వరం కంటే ఎక్కువ ఫికర్ అయింది.

ఇరవై ఒకటో రోజు దగ్గరపడింది. ఆ రోజున బాలింత బావికి పసుపు కుంకుమ పెట్టి, తన చేత్తో మొదటి చేద తోడాలి. తోడిన తర్వాతే పురుడు పోతుంది, ఇంట్లో కలుస్తుంది. మా బావి లోతు. బొక్కెన ఇనుముది, బర్రెలకు నీళ్లు పోసేది, ఖాళీగా ఎత్తినా చెయ్యి లాగుతుంది. నేను తోడనన్నాను. పూజా చేయనన్నాను. డాక్టరమ్మ మాట గుర్తు చేశాను. మా ఇద్దరి మధ్య నలిగిన నా భర్త ఒక దారి చెప్పాడు. తాడు తాను గుంజుతాడట, నేను ఊరికే చెయ్యి వేస్తే చాలట.

“ఇంకొగలు గుంజితె ఆమె తోడినట్లెట్లయితదిరా?” అంది అత్త.

ఇంత పట్టు ఎందుకో నాకు అంతుపట్టలేదు. మిగతా ఆచారాలెన్నో నా కోసం వదులుకున్న మనిషే. పొగ వద్దంటే మానింది, కిటికీ తెరవమంటే తెరిచింది. రాత్రుళ్లు పిల్లకు పాలిస్తూ అదే ఆలోచన. మొండికేస్తే ఈ ఇంట్లో నా బతుకేమిటి, తోడితే ఈ కడుపేమిటి. నిద్ర పడితే కలలో తాడు తెగేది.

ఆ పొద్దున పక్కిళ్ల ఆడవాళ్లు వాకిట్లో చేరారు. అత్త వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. నేను మంచం దిగలేదు.

“తోడకపోతే ఏమవుతుంది, అత్తమ్మా? ఒక్కటి చెప్పు, వింటాను.”

“ఏం గాదు.”

“మరెందుకు?”

ఆమె వాకిట్లోని ఆడవాళ్ల వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి అంది, “నువ్వు బతికొచ్చినవని నేనెట్ల నమ్మాలె?”

అప్పుడు చెప్పింది బర్రె సంగతి. మామ కత్తి సంగతి. వరండాలో తనకు అర్థమైన సంగతి. నన్ను బయటికి తెచ్చినప్పుడు దుప్పటి కింద కదలని నా కాళ్లు చూసి, పోయిందని నిశ్చయించుకుని, పిల్లను చూసుకుని ఏడ్చిందట. ఆ తర్వాత నేను కళ్లు తెరిచానని చెప్పినా, మంచినీళ్లడిగానని చెప్పినా, ఆమె లోపలి మనిషి ఒప్పుకోలేదు. దయ్యాలకున్నట్టు నా పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని కూడా చూసిందట. చచ్చినవాళ్లు నీళ్లు తోడలేరు. అది ఒక్కటే ఆమెకు తెలిసిన పరీక్ష.

సభల్లో నేను ఎందరినో అడిగిన మాటే ఆమె నన్ను అడుగుతోంది. రుజువేది అంటోంది. నా దగ్గర వాదాలు చాలా ఉన్నాయి. ఒక్కటీ పనికిరాలేదు. లేచి ఆమెను లోపలికి రమ్మని తలుపు దగ్గరికి వేశాను. కిటికీ వెలుతురులో నిలబడి చీర కుచ్చిళ్లు కిందికి జరిపి, కట్టు విప్పాను. దవాఖానావాళ్లు తప్ప ఆ గాయాన్ని ఎవరూ చూడలేదు. నేనే సరిగ్గా చూసుకోలేదు, భయపడి.

అత్త వంగింది. బొడ్డు కిందినుంచి నిలువుగా దిగిన ఎర్రని గీత, అటూ ఇటూ దారాల గుర్తులు. “గింత పొడుగా,” అంది. గీత పక్కన వేలు పెట్టి మెల్లగా కిందికి దించింది. కింది కొస దగ్గర ఆగింది. అక్కడ చీము ఆరి కొత్త చర్మం గులాబీ రంగులో మెరుస్తోంది. కొమ్ము పొడిచిన గాయాలను, గిట్టల పుళ్లను ఏళ్లుగా చూసిన వేలు అది. అక్కడే ఉంచి తనలో తాను అనుకుంటున్నట్టు అంది.

“సచ్చినదానికి పుండు మానది గదా.”

ఆమె నా కట్టు తానే తిరిగి చుట్టింది, వదులుగా కాదు, గట్టిగా కాదు. తలుపు తీసి బయటికి పోయింది.

నేను వాకిట్లోకి వచ్చేసరికి బొక్కెన నేలమీద ఉంది. తాడు కొసకు ఆమె పాలు కొలిచే చిన్న చెంబును కడుతోంది. ఒక ముసలమ్మ ఊరుకోలేదు. “గంతేనా? గది చేదనా, పిల్లలాటనా?” అంది. అత్త ముడి బిగిస్తూనే, “దాని కడుపు ఇప్పుడు గంతనే మోస్తది. నీకు ఎక్కువ గావాలంటె నువ్వు తోడుకో,” అంది. ఆడవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, నవ్వితే లోపలి కుట్లు లాగుతాయి.

పసుపు కుంకుమ నేను పెట్టలేదు. అత్తే పెట్టింది, నన్ను అడగలేదు. తాడు అందుకున్నాను. ఒక చెయ్యి కడుపు మీద ఉంచి, ఒక చేత్తో తాడు కిందికి వదిలాను. చెంబు నీళ్లను తాకిన చప్పుడు కింద ఎక్కడో వినిపించింది. రెండు చేతులా గుంజడం మొదలుపెట్టాను. ఆగి, ఊపిరి పీల్చి, కట్టు తడిసిందేమో తడుముకుని, మళ్లీ గుంజాను. గిరక కిరకిరలాడింది. సగం నీళ్లు దారిలో ఒలికిపోగా చెంబు పైకి వచ్చింది. కట్టు పొడిగానే ఉంది.

అత్త చెంబు నా చేతినుంచి తీసుకుని, ఎత్తి, గటగటా తాగేసింది. తర్వాత పిల్లను నా ఒళ్లో పెట్టి, బర్రెలకు కుడితి ఆలస్యమైందని కొట్టంలోకి పోయింది.

మరుసటి వానకాలం ఒక మధ్యాహ్నం ఆమె వెనక వీధి అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. నెలలు నిండిన పిల్ల. బిడ్డ అడ్డం ఉంది, కోయవలసి రావచ్చు అని దవాఖానాలో చెప్పారట. అప్పటినుంచి అన్నం ముట్టడం లేదట. అత్త తలుపు వేసింది. “సూపియ్యే,” అంది నాతో. నాకు సిగ్గేసింది. వేదికల మీద లేని సిగ్గు. అయినా చూపించాను. ఎర్రగీత తెల్లబడింది అప్పటికి. “ముట్టు బిడ్డా, ఏం గాదు,” అని అత్త ఆ పిల్ల చెయ్యి పట్టి దాని మీద పెట్టింది.

ఆ వేళ్లు మంచులా ఉన్నాయి. “అక్కా, నేను లేస్తనా?” అంది ఆ పిల్ల.

తప్పక లేస్తావని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఖాళీ అయిన మంచం గుర్తుకొచ్చింది. చాలామంది లేస్తారని చెప్పాను. ముందే దవాఖానాకు వెళ్లినవాళ్లు ఇంకా ఎక్కువమంది లేస్తారని, నొప్పులు మొదలయ్యేదాకా ఇంట్లో ఆగవద్దని చెప్పాను. అక్కడితో ఆగకుండా, నాకెవరూ చెప్పనివన్నీ చెప్పాను. మందు వాసన తియ్యగా ఉంటుంది, ఊపిరాడనట్టు అనిపిస్తుంది, అనిపించినా ఆడుతుంది. లేచాక నీళ్లివ్వరు, గాలి పోయేదాకా ఆగాలి. దగ్గొస్తే దిండు అదుముకో. పిల్ల మీద వెంటనే ప్రేమ పుట్టకపోతే భయపడకు.

ఆ పిల్ల వింటూనే ఉంది. అత్త ఆమె వెనక నిలబడి, నేను మరిచిపోయింది గుర్తుచేసింది.

“చెంబు సంగతి గూడ చెప్పు.”